అంగుళం కిందికున్న భుజం

దర్జీ కొట్టుకీ గడియారాల కొట్టుకీ మధ్య ఒకటే గోడ. ఇటు అన్న మాట అటు వినబడుతుంది, కాకపోతే మర్నాడు అదే వేళకి. అందుకే ఆ రెండు కొట్లవాళ్లూ నిన్నటి తిట్టుకి ఇవాళ జవాబు చెప్పుకుంటారు. తన పెళ్లికి కుట్టిన కోటు బిగుతైందని గడియారాలాయన, తన పెళ్లికిచ్చిన చేతిగడియారం ఆగిపోయిందని దర్జీ. పాతికేళ్లుగా ఇదే వరస. మగవాళ్ల పౌరుషానికి ఆ మాత్రం కారణం చాలు.

వాళ్ల పిల్లలిద్దరూ ఆ గోడ గుండానే ప్రేమించుకున్నారు.

నిన్న పొద్దున్న గోడలోంచి గడియారాలాయన కొడుకు గొంతు వచ్చింది: "నీకు సంబంధం చూశారట. నువ్వు ఒప్పుకున్నావని తెలిసిన రోజే ఐదింటి బస్సెక్కేస్తా. మళ్లీ రాను."

కూతురితోపాటు దర్జీ కూడా విన్నాడు.

"నోరు విప్పావంటే ఊరుకోను," అని పెళ్లికొడుకు కోటు గుడ్డ ఆమె ముందు పడేశాడు. ఆ కొట్లో కొలత పైకి చదవందే కత్తెర ఆడదు. దర్జీ పెట్టిన నియమమే అది. ఆమె చదువుతూ కత్తిరించింది. సరిగ్గా నాలుగింటికి దర్జీ గోడ దగ్గరికెళ్లి అరిచాడు: "వినరా! నా కూతురు ఇష్టపడే ఒప్పుకుంది. పెళ్లికోటు తనే కత్తిరిస్తోంది!"

ఇవాళ మధ్యాహ్నం మూడున్నరకి పెళ్లికొడుకు, బట్టలకొట్టువాళ్ల అబ్బాయి, కోటు తొడిగి చూసుకోడానికొచ్చాడు. ఎడమవైపు జారిపోయింది.

"నాకు భుజం వంకరని ఎవరు చెప్పారండీ?"

"ఏమే, అంగుళం కిందికి కత్తిరించావేం?"

అప్పుడు తెలిసిందామెకి, నిన్న తన నాలుక ఎవరి కొలతలు చదివిందో. గోడగడియారం చూసింది. నాలుగు.

"పనైపోయింది. నిన్నటి నా అరుపు ఈపాటికి అటు వినబడుంటుంది," అన్నాడు దర్జీ స్టూలు గుమ్మానికి అడ్డంగా లాక్కుంటూ. "ఐదింటికి పీడ విరగడ."

ఇప్పుడు గొంతు చించుకున్నా వినబడేది రేపే. రేపటికి అతనుండడు. పెళ్లికొడుకు కోటు విప్పి బల్లమీద పడేసి చరచరా వెళ్లిపోయాడు. ఆమె దాన్ని తీసి గుండెకి ఆనించుకుంది. నాలుగుంపావు. నాలుగున్నర. కళ్లు ముల్లు మీదినుంచి కదల్లేదు.

ఐదుకి పది నిమిషాలుందనగా గుమ్మంలో నీడ పడింది. చేతిలో సంచీతో గడియారాలాయన కొడుకు. చిన్నప్పట్నుంచీ భూతద్దం పెట్టుకుని ఒక పక్కకి వంగి పనిచేసి, ఎడమ భుజం అంగుళం కిందికి దిగిపోయినవాడు.

"ఎవడ్రా నిన్ను రమ్మంది?"

"మీ అరుపుకి ముందు మీ అమ్మాయి కొలతలు చదివింది, మావయ్యా. ఎడమ భుజం అంగుళం కిందికి అంది. అది నా కోటే."

ఆమె కోటు తెరిచి పట్టుకుంది. అతను సంచీ కింద పెట్టి చేతులు దూర్చాడు. వీధి చివర బస్సు హారన్ కొట్టింది, వెళ్లిపోయింది.

ఎక్కడా ముడత లేదు.

దర్జీ లేచాడు. తిట్టడానికి నోరు తెరిచాడు. భుజం చూశాడు, చంక చూశాడు, వీపు మీద చెయ్యేసి కుట్టు నిమిరాడు. అబద్ధం చెప్పడం వచ్చుగానీ, కుదిరిన కోటుని కుదరలేదనడం ఆయనకి చేతకాలేదు.

"బొత్తాలింకా కుట్టలేదు," అన్నాడు, స్టూలు అతనివైపు తోస్తూ. "కూర్చో."