అవతలికి దులిపిన దుమ్ము

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం పలకలు తీసే షెడ్డులో పని చిన్నకోడలిది. షెడ్డు వెనక మట్టిని డబ్బాల్లో ఎత్తుకుపోయే పరిశోధకురాలికి అక్కడి ఆడవాళ్ళు 'మట్టి మేడమ్' అని పేరు పెట్టారు. ఆ రోజు భోజనాల వేళ మేడమ్ వాళ్ళ పక్కనే చతికిలబడింది.

"గడ్డి కూడా మొలవని ఈ మట్టిలో కంటికి ఆనని జీవులు బతుకుతున్నాయి. వాటి ఒంటిపొరలో పంపులుంటాయి. లోపలికి చొరబడ్డ సీసాన్ని పట్టి బయటికి తోసేస్తాయి."

"మా వీధి పంపుకే నీళ్ళు రావు, పురుగుకి సొంత పంపట" అంది మేస్త్రమ్మ. అందరూ నవ్వారు.

చిన్నకోడలు నవ్వలేదు. "ఎక్కడికి పంపుతుంది మేడమ్?"

"ఎక్కడికేముంది, బయటికి. సీసం మాయమైపోదుగా. తన ఒళ్ళు దాటిస్తుంది, అంతే. పక్కదానికి పంపు లేకపోతే దాని ఖర్మ."

చిన్నకోడలి చేతిలో ముద్ద నోటిదాకా వెళ్ళలేదు.

ఎనిమిదితో చదువు ఆగినా, సీసం పిల్లల రక్తంలో చేరితే ఏమవుతుందో షెడ్డు గోడకి అంటించిన కాగితంలో రెండుసార్లు చదువుకుంది. అప్పట్నుంచి ఇంటికి రాగానే, ఏడాది నిండని కొడుకును ముట్టుకోకముందే పనిబట్టలు విప్పి, పెరటి ప్రహరీ మీదుగా వంగి అవతలికి దులిపేది. తన వైపు నలుసు పడకుండా. అవతలి వాటా తోడికోడలిది. ఆమె నాలుగేళ్ళ కూతురు బుడ్డది ఆ గోడ కిందే మట్టిగూళ్ళు కట్టుకుంటుంది. ఈమధ్య అన్నం ముట్టడం లేదు. కడుపునొప్పని ముడుచుకుపోతోంది. నులిపురుగులనుకుని మందు పట్టిస్తున్నారు.

సాయంత్రం చిన్నకోడలు తన గుమ్మం ఎక్కలేదు. తిన్నగా తోడికోడలి మెట్ల దగ్గరికి వెళ్ళింది. ఆమె చెంచాలో మందు పోస్తోంది.

"అక్కా, ఆ మందు పట్టకు."

"ఏం, డాక్టరు చదువు ఎప్పుడు చదివావే?"

గాలికి కాస్త దుమ్ము ఎగిరిందేమో అనొచ్చు. నేరమంతా గాలి మీదికి నెట్టేయొచ్చు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"నా పనిబట్టలు మీ వైపు దులుపుతున్నానక్కా. మా వాడి మీద పడకూడదని. దాంట్లో సీసం ఉంటుంది. బుడ్డదానికి రక్తం పరీక్ష చేయించాలి."

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"అది అక్కడే ఆడుతుందని తెలుసుగా."

"తెలుసు."

తోడికోడలు చెంచాలో మందు నేల మీద పారబోసింది. తిడుతుందని, చెంప పగలగొడుతుందని చిన్నకోడలు ఎదురుచూసింది. ఏది చేసినా బాగుండేది.

"పిన్నీ, ఎత్తుకో" అని బుడ్డది చేతులు చాచింది. ఒంటి మీద ఇంకా పనిబట్టలే. చిన్నకోడలు ఒక మెట్టు దిగిపోయింది.

తోడికోడలు పిల్లను తనే లాక్కుని చంకనేసుకుంది.

"పోయి ఒళ్ళు కడుక్కుని రా. డాక్టరు దగ్గర నువ్వే చెప్పాలి. నాతో చెప్పినట్టే, తెలుసన్న మాటతో సహా."