ఊరికే వచ్చిన గంట

నా తోడికోడల్ని లక్షలమంది వదినా అని పిలుస్తారు. ఇంట్లో మాత్రం ఆ పిల్ల ఎవరికీ వదిన కాదు. మొగుడు ఇంటికి ఆఖరివాడు, తనకి అన్నదమ్ములు లేరు. ఆ ముచ్చట తీరలేదనే కాబోలు, వీడియోలకి తనే ఆ పేరు పెట్టుకుంది. పొద్దున లేస్తే చాలు, "మీ వదిన వచ్చేసింది" అంటూ ఫోను ముందు కూర్చుంటుంది. ఫోను పట్టుకునేది మా మరిది. చేస్తున్న ఉద్యోగం మానేసి మరీ పట్టుకున్నాడు.

ఇంటికి ఎప్పుడూ ఏవో డబ్బాలు వస్తూనే ఉంటాయి. దువ్వెన దగ్గర్నుంచి దోమల బ్యాటు దాకా అన్నీ కంపెనీలు ఊరికే పంపినవే. వీళ్ళు బాగుందని చెప్పాలి, అంతే బేరం. డబ్బా వచ్చీ రాగానే తెరవరు. అతికించిన టేపుని వేడిగాలి పెట్టి నెమ్మదిగా ఊడదీస్తారు, లోపల ఏముందో చూసుకుంటారు, మళ్ళీ అతికించి కెమెరా ముందు మొదటిసారి తెరుస్తున్నట్టు తెరుస్తారు. "అబ్బ, ఇంత బాగుంటుందనుకోలేదు" అనే మాట ముందే అద్దంలో చూసుకుని రెండు మూడు రకాలుగా అనుకుంటుంది మా పిల్ల. నెల వాడాక ఎలా ఉందో చెప్పే ముక్క కూడా ఆ రోజే, చీర మార్చుకుని తీసేస్తారు.

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. అద్దం తేడాగా ఉంటే ఆ మనిషి తిరిగొచ్చి నా మొహం మీదే అరుస్తాడు. వీళ్ళ మీద అరవడానికి ఎవరూ గుమ్మం ఎక్కి రారు. నా కడుపుమంట అదే.

"అన్నీ బాగున్నాయంటావేంటి చెల్లీ, ఒక్కటైనా బాగోలేనిది రాదా?" అని ఒకసారి అడిగాను.

"ఎందుకు రాదక్కా. ప్రతిదానికీ ఒక చిన్న తప్పు చెప్పాలి. అసలు చెప్పకపోతే చూసేవాళ్ళు నమ్మరు. పెద్ద తప్పు చెబితే కంపెనీవాళ్ళు ఇంకోటి పంపరు."

"చిన్న తప్పు దొరక్కపోతే?"

"రంగు ఉంది కదా. రంగు ఇంకాస్త బాగుండాల్సింది అంటే ఎవరికీ కోపం రాదు."

నవ్వాగలేదు నాకు. పిల్ల చెడ్డది కాదు. ఆ మాట ఇప్పుడే చెప్పేస్తున్నాను, తర్వాత చెప్పాలంటే నాకే నోరు రాదు.

మా అత్తయ్యకి అంతకుముందే ఒకసారి కుడిచెయ్యి చచ్చుబడి, మూతి కాస్త వంకరపోయి, మందులతో మళ్ళీ సర్దుకుంది. ఇంకోసారి ఇలా అయితే క్షణం ఆలస్యం చెయ్యొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మా ఆయన లారీ మీద ఎక్కడెక్కడో తిరుగుతుంటాడు. నేను షాపులో ఉన్నా ప్రాణమంతా అత్తయ్య ఉండే వెనకగదిలోనే ఉండేది. చెల్లికీ మరిదికీ చెప్పే వెళ్ళేదాన్ని, "మధ్యమధ్యలో వెళ్ళి చూస్తుండండి" అని. "చూస్తాం వదినా" అనేవాడు మరిది, ఫోనులోంచి తల ఎత్తకుండా.

అలాంటి సమయంలో ఆ గంట వచ్చింది. మెడలో వేసుకునే చిన్న మీట, దానికి జతగా హాల్లో ప్లగ్గుకి తగిలించే గంట. ముసలివాళ్ళు మీట నొక్కితే హాల్లో మోగుతుంది. నొక్కినంతసేపూ మోగుతూనే ఉంటుంది. ఇన్నాళ్ళకి ఒక పనికొచ్చే వస్తువు వచ్చిందిరా బాబూ అనుకున్నాను.

వీడియోలో నటించాల్సింది అత్తయ్యే. మంచం మీద పడుకుని నీరసంగా మీట నొక్కాలి, చెల్లి పరిగెత్తుకుని రావాలి. నీరసంగా ఉండమంటే అత్తయ్య నవ్వేస్తుంది. "నాకు చేతకాదే చిన్నదానా, నిజంగా నీరసం వచ్చినప్పుడు తియ్యండి" అంది. చివరికి ఎలాగో కుదిరింది. ఆఖర్న తనే కెమెరా వైపు చూసి, ఎవరూ చెప్పని మాట చెప్పింది: "నొక్కగానే వస్తారు. మా కోడళ్ళు బంగారం." ఆ ఒక్క మాటకి వీడియో ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. తప్పు చెప్పాల్సిన చోట చెల్లి, "శబ్దమే కాస్త ఎక్కువ" అంది.

ఆ తర్వాత అత్తయ్యకి అది ఆటవస్తువైపోయింది. నొక్కుతుంది, చెల్లి వెళితే కిటికీ వెయ్యమంటుంది. ఇటు రాగానే మళ్ళీ నొక్కి తియ్యమంటుంది. టైమెంతయిందని నొక్కుతుంది. ఏమీ తోచక నొక్కుతుంది. చెల్లి తల ప్రాణం తోకకొచ్చేది. అయినా వెళ్ళేది, అన్యాయంగా చెప్పకూడదు. నేను మాత్రం షాపులో నిశ్చింతగా పనిచేసుకున్నది ఆ కొద్దిరోజులే.

తర్వాత మిక్సీ వచ్చింది. చప్పుడు చెయ్యని మిక్సీ అని దాని గొప్ప. చప్పుడు చెయ్యదని చూపించాలంటే ముందు ఇంట్లో ఇంకేదీ చప్పుడు చెయ్యకూడదు కదా. వీళ్ళకి అది అలవాటైన పనే. ఫ్రిజ్ ఆపుతారు, ఫ్యాను ఆపుతారు, గోడగడియారం తీసి దుప్పట్లో చుడతారు, హాలు తలుపులు మూసి బొంతలు వేలాడదీస్తారు. ఆ రోజూ అదంతా చేశారు.

సాయంత్రం నేను వచ్చేసరికి ఇల్లు చడీచప్పుడూ లేకుండా ఉంది. వీధితలుపు తీయగానే మరిది పెదాల మీద వేలు పెట్టి చూపించాడు. నాకూ అలవాటే. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. చెల్లి మిక్సీ పక్కన కూర్చుని గుసగుసగా, "వింటున్నారా, నా ఊపిరి కూడా వినిపిస్తోంది" అంటోంది. కుదరలేదు, మళ్ళీ అంది. మళ్ళీ అంది. నేను నోరెత్తకుండా అలాగే నిలబడ్డాను.

అయిపోయాక అడిగాను. "అత్తయ్యేం చేస్తోంది?"

"పడుకుందక్కా. పొద్దుటినుంచీ పేచీ లేదు."

అప్పుడు చూశాను. గంట తీగ ప్లగ్గులోంచి ఊడి నేలమీద పడుంది.

"ఇదెవరు తీశారు?"

"ఊరికే నొక్కుతూనే ఉంటుంది కదక్కా. షాటు మధ్యలో మోగితే మళ్ళీ మొదటికొస్తుందని. ఇప్పుడు పెట్టేస్తాలే."

నాకు ఒళ్ళు మండింది. తిట్టడానికి నోరు తెరుస్తూనే వంగి ప్లగ్గు పెట్టాను. పెట్టిన మరుక్షణం గంట మోగింది.

"చూశావా, లేచింది" అని నవ్వింది చెల్లి.

గంట ఆగలేదు. మోగుతూనే ఉంది. చెల్లి మొహంలో నవ్వు ఎప్పుడు పోయిందో కూడా నాకు గుర్తుంది. చెప్పులు ఎక్కడ పడేశానో గుర్తులేదు.

అత్తయ్య మంచానికీ గోడకీ మధ్య నేలమీద పడి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. మూతి ఒక పక్కకి లాగేసింది. చీర తడిసి, ఆరి, మళ్ళీ తడిసింది. ఎడంచేతి బొటనవేలు మీట మీద ఉంది. గోరు తెల్లగా పాలిపోయేంత గట్టిగా నొక్కి ఉంది. నేను ఆ వేలు విడదీస్తే గానీ గంట ఆగలేదు.

ఆసుపత్రిలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "ఎప్పుడు పడిపోయారు?" అని. ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. కుడిపక్క పడిపోయింది, మాట పడిపోయింది. ప్రాణం దక్కిందని సంతోషించమన్నాడు. నాకు సంతోషం రాలేదు. ఇంటికొచ్చి చెల్లిని నోటికొచ్చినట్టు తిట్టాను. ఎవరి నోటా విననిది, నా నోట ఎన్నడూ రానిది కూడా అన్నాను. మరిది మధ్యలోకి రాలేదు. నేను కూడా చెప్పులు పట్టుకుని నిలబడ్డానన్న సంగతి ఎవరూ నా మొహాన అనలేదు. అనుంటే బాగుండేది.

గంట వీడియోని అదే రాత్రి నెట్లోంచి తీసేశారు. మరిది తన ఫోనులో మాత్రం దాచుకున్నాడు. అమ్మ గొంతు ఇంకెక్కడా లేదంటాడు. మేడ మెట్ల మీద కూర్చుని, చెవికి ఆనించుకుని వింటాడు. వీడియో అంత బాగా ఆడింది కదా అని కంపెనీవాళ్ళు ఇంకో గంట పంపించారు, కొత్త రంగుది. నేను డబ్బాతో సహా చెత్తబుట్టలో పడేశాను.

అత్తయ్యని ఇంటికి తీసుకొచ్చాం. పాత గంటే ప్లగ్గుకి పెట్టి, ఊడకుండా చుట్టూ పట్టీ వేశాడు మరిది. అత్తయ్యకి ఎడంచెయ్యి బాగానే ఉంది. గ్లాసు పట్టుకుంటుంది, దుప్పటి లాక్కుంటుంది. మీట మాత్రం ముట్టుకోదు. దాహమైనా నొక్కదు. పక్క తడిస్తే తెల్లారేదాకా ఆ తడిలోనే పడుకుంటుంది. నేను పొద్దున దుప్పటి తీసేసరికి చూస్తుంది, కోపంగా కూడా కాదు. ఎవరో తెలియని మనిషి పని చేసిపెడుతుంటే చూసినట్టు చూస్తుంది.

చెల్లి వీడియోలు మానేసింది. అత్తయ్య గది గుమ్మంలోనే పడుకుంటోంది. తిండి సరిగ్గా తినదు. మొన్న మధ్యాహ్నం అత్తయ్య పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఒక్కసారి నొక్కండత్తయ్యా. నేను వస్తాను. నొక్కి చూడండి, పరిగెత్తుకొస్తాను. ఒక్కసారే."

మీట తీసి అత్తయ్య ఎడంచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ మూసింది. హాల్లోకి వెళ్ళి గంట ముందు కూర్చుంది. గదిలో నేనూ అత్తయ్యా మిగిలాం. అత్తయ్య ఆ మీటని కాసేపు చూసింది. తర్వాత వేళ్ళు విప్పింది. మీట దుప్పటి మీదకి జారింది.

హాల్లో ఆ పిల్ల ఎదురుచూస్తోంది. ఊపిరి బిగబట్టుకుని ఉందని నాకు ఇక్కడికే తెలుస్తోంది. ఎంతసేపని ఊరుకోను. దాని మీద నాకింకా కోపం పోలేదు, కానీ ఆ నిశ్శబ్దం నా వల్ల కాలేదు. వంగి మీట నేనే నొక్కాను.

గంట మోగింది. చెల్లి తలుపుకి భుజం కొట్టుకుంటూ వచ్చి మంచం దగ్గర కూలబడింది.

"వచ్చానత్తయ్యా. వచ్చాను. మీరే నొక్కారా? అక్కా, అత్తయ్యే నొక్కిందా?"

"అత్తయ్యే నొక్కింది" అన్నాను.

చెల్లి అత్తయ్య చెయ్యి కళ్ళకద్దుకుని ఏడవడం మొదలుపెట్టింది. అత్తయ్య నా వంక చూసింది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుంది.