బకెట్టక్క రాసిన అంకె

రేవులో అందరూ ఆమెను బకెట్టక్క అనేవారు. పందొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున ఏడింటికి జెట్టీ చివర నిలబడి, తాడు కట్టిన బకెట్టుతో సముద్రపు నీళ్ళు తోడి, థర్మామీటరు ముంచి, ఎన్ని డిగ్రీలో రిజిస్టరులో రాసి, వాతావరణ ఆఫీసుకి ఫోనులో చెప్పడం ఆమె ఉద్యోగం. "సముద్రానికి జ్వరం ఎంతుందక్కా?" అని పడవలవాళ్ళు ఏడిపించేవారు. ఆమేం తక్కువ తిన్నది కాదు. "నీ నోటికున్నంత లేదులే" అనేది.

ఏటా ఒక నెలలో గాలి దిక్కు మారేది. అది పైనీళ్ళను ఒడ్డు నుంచి దూరంగా తోసేస్తే అడుగునున్న చల్లనీళ్ళు పైకి వచ్చేవి, వాటితో చేపలూ వచ్చేవి. చల్లటి సముద్రం మీద మబ్బుకు మేత దొరకదు కాబట్టి ఆ తర్వాత రెండు నెలలూ తుఫానుల బెడద ఉండేది కాదు. పడవలు ధైర్యంగా దూరం వెళ్ళేవి.

ఆ ఏడు గాలి మారలేదు. జెట్టీ మీది జెండా తడిగుడ్డలా వేలాడింది. ఇరవై ఆరుకు దిగాల్సిన నీళ్ళు ముప్పై దగ్గరే భీష్మించుకు కూర్చున్నాయి. ఆ అంకె చెబితే ఆఫీసు గుమాస్తా నమ్మలేదు. థర్మామీటరు పాడైందని కొత్తది పంపాడు. అదీ ముప్పయ్యే చూపించింది.

"ఈ నెలలో ముప్పై ఎప్పుడైనా చూశారా అమ్మా? బకెట్టు ఎండలో పెడుతున్నట్టున్నారు. చేతకాకపోతే చెప్పండి, ఇంకో మనిషిని చూసుకుంటాం" అన్నాడు.

చేతకాకపోతే అన్న మాట ఆమెను కోసేసింది. భర్త పోయాక తనకంటూ మిగిలింది ఆ పనొక్కటే. మర్నాడు థర్మామీటరు ముప్పై దాటి చూపిస్తుంటే నిరుటి రిజిస్టరు తీసి, అదే తేదీన ఎంతుందో చూసింది. ఇరవై ఆరు పాయింటు నాలుగు. అదే రాసింది, అదే చెప్పింది.

"చూశారా, ఇప్పుడు దారికొచ్చింది" అన్నాడు గుమాస్తా.

ఆ తర్వాత ఎనిమిది రోజులు నిరుటి అంకెలే ఎక్కించింది. నాలుగు రోజుల్లో ఎలాగూ చల్లబడేదే కదా, ఎవరికి నష్టం అనుకుంది. మనసుకు సర్దిచెప్పుకోవడం మొదలుపెడితే దానికి అంతెక్కడ?

సముద్రం మధ్యలో తేలే పెద్ద యంత్రమే ఆఫీసుకు అసలు లెక్క చెబుతుందని, ఈవిడ బకెట్టు ఉత్త లాంఛనమని రేవులో అందరి నమ్మకం. ఆ యంత్రం నిరుడే కొట్టుకుపోయింది. ఆ సంగతి గుమాస్తాకు తెలుసు, ఆమెకు తెలుసు.

పదో రోజు రేడియోలో చెప్పారు: సముద్రం ఎప్పటిలాగే చల్లబడింది, పడవలు దూరం వెళ్ళవచ్చు. ఆమె పరుగున రేవుకు వెళ్ళింది. తమ్ముడు పడవలోకి ఐసు దిమ్మలు ఎక్కిస్తున్నాడు. తల్లి పోయాక ఆమె చేతుల్లో పెరిగినవాడు.

"ఆగరా. నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి."

"రేడియోలో చల్లబడిందన్నారుగా?"

"నేను రోజూ చెయ్యి పెట్టి చూస్తున్నాను కదరా!"

వాడు నవ్వాడు. "అంత పెద్ద యంత్రం కంటే నీ చెయ్యి గొప్పదా అక్కా? ఊరికే కంగారు పడతావు."

ఆ అంకె నాదేరా, అబద్ధంరా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పడవలో ఉన్న నలుగురూ ఇటే చూస్తున్నారు. ఆమెకు సిగ్గేసింది. "జాగ్రత్త" అని మాత్రం అంది. వాడు ఐసు మీద గోనె కప్పి ఇంజను తిప్పాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం మబ్బు లేచింది. కింద వెచ్చటి సముద్రం ఉందాయె, మర్నాడు తెల్లారేసరికల్లా అది పెనుతుఫానైంది. వెళ్ళిన పదకొండు పడవల్లో నాలుగే తిరిగొచ్చాయి. తమ్ముడి పడవది ఒక చెక్క మాత్రం ఒడ్డుకొచ్చింది.

గుమాస్తా స్వయంగా వచ్చి రిజిస్టరు తిరగేశాడు. "చల్లటి నీళ్ళ మీద ఇంత తుఫాను ఎలా పుట్టిందో అంతుబట్టడం లేదు. మీ అంకెలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయమ్మా" అని కితాబిచ్చి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున మరదలు జెట్టీ మీదికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"రేడియో మాట నమ్మి పోయాడు వదినా. ఆ అంకె ఎవరు రాశారోగానీ, వాళ్ళ చేతులు పడిపోను" అంటూ వదిన కుడిచేతిని రెండు చేతులా పట్టుకుని, దాని మీద ముఖం ఆనించింది.

బకెట్టక్క చెయ్యి లాక్కోలేదు. ఎడం చేత్తోనే నిరుటిదీ ఈ ఏటిదీ రెండు రిజిస్టర్లూ తెరిచి పక్కపక్కన పెట్టింది. అవే తేదీలు, అవే అంకెలు, ఒకే చేతిరాత.

"యంత్రం లేదమ్మా. రాసింది ఈ చెయ్యే" అంది.

మరదలు ఆ పేజీని చూసింది, ఈ పేజీని చూసింది. ఆ తర్వాత పట్టుకున్న చేతిని వదిలేసింది.