ఏడో గుట్ట మీద రాయి

ముందు మీరేం చూశారో చెప్పండి. తెర మీద చీకటి నీళ్ళు, ఒక గుట్ట అంచు, దాని పగుల్లో బూడిదరంగు ఉండలాంటిది. రెండు క్షణాలు కనబడి పోయింది. రాయి అంటారా? సరే. ఆవిడా అదే అంది.

ఆవిణ్ణి ఆఫీసులో అందరూ కళ్ళద్దాలక్క అంటారు. పొద్దున తొమ్మిదింటికి వచ్చి, అన్నం డబ్బా కిటికీలో పెట్టి, అద్దాలు తుడుచుకుని తెర ముందు కూర్చుంటుంది. ఓడవాళ్ళు సముద్రం అడుగుకి కెమెరా దింపి తీసిన వీడియోలు చూసి, ఎక్కడ ఏ ప్రాణి ఉందో రాయడం ఆవిడ పని. అక్కడ నేల పగిలి వేడినీళ్ళు పొగలా తన్నుకొస్తుంటాయి. ఆ పొగ చుట్టూ ఎండ మొహం ఎరగని సంసారాలు. మనిషంత పొడుగు ఎర్రమూతి పురుగులు, తెల్ల పీతలు, గుడ్డి రొయ్యలు, ఒకదాని మీద ఒకటి, సంతరోజు బస్సులా. పొగ వచ్చే గుట్టని తవ్వకూడదు. పొగ ఆగిన గుట్టకి అక్క "జీవం లేదు" అని రాస్తే, లోహం కోసం యంత్రం దిగుతుంది.

అందుకే ఆఫీసులో ఒక అలవాటు. పొగలేని గుట్ట అనగానే వీడియోని ఎనిమిది రెట్లు వేగంగా పరిగెత్తించడం. చచ్చినదాని నాడి ఎవరు చూస్తారు? తొమ్మిదేళ్ళలో అలా ఆరు గుట్టలు అక్క సంతకంతో తవ్వకానికి పోయాయి.

ఏడోదాని మీద ఆ ఉండ కనబడింది. అక్క ఆపి, వెనక్కి తిప్పి చూసింది. ఉండ ఒక్కసారి ఉబ్బి తగ్గింది. వారం ఆఖరు సాయంత్రం. సెక్షన్ పెద్దాయన సంచి భుజానేసుకుని, తాళంచెవులు ఆడిస్తూ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రాయేగా అక్కా?"

"రాయేనండీ."

"జీవం లేదు" అని కొట్టి సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున అక్క ఇంట్లో స్నానాల గదిలో, వేడినీళ్ళ గొట్టం కింద ఆక్టోపస్ ఉంది. అదే బూడిదరంగు ఉండలా మూల గోడకి తలకిందులుగా అతుక్కుని, చిక్కుడుగింజల్లాంటి గుడ్లని ఎనిమిది చేతులతో కప్పుకుంది.

అక్క అత్తగారు ముప్పై ఏళ్ళు ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. వంగి చూసింది. "పొదుగుతోందే. సబ్బునీళ్ళు ఇటు రానివ్వకు. మీ ఆయనకీ చెప్పు, స్నానమంటే ఏనుగు చెరువులో దిగినట్టే వాడికి."

అంతే. ఇంట్లో అందరూ ఆ మూల వదిలి స్నానాలు చేశారు. కుళాయి బాగుచేయడానికి వచ్చినాయన కూడా "కాస్త జరుగమ్మా" అని దానికి చెప్పి, పైనుంచి చెయ్యి చాపి బిగించి పోయాడు.

చేపముక్క పెడితే ముట్టలేదు. "పిల్లలు బయటపడేదాకా తినదు" అంది అత్తగారు. "గొట్టం వెచ్చదనం ఉంది గనక నెలల్లో తెములుతుంది. లేకపోతే ఏళ్ళు."

"తర్వాత, అత్తయ్యా?"

"తర్వాత దానికి ఏం మిగలదే."

అక్క అటు చూడకుండా మొహం కడుక్కునేది. అది మాత్రం ఆవిణ్ణే చూసేది. తిట్టినా బావుండేది.

నాలుగు నెలలకి, ఏడో గుట్టని తవ్వే యంత్రం ఓడెక్కిందని కబురొచ్చింది. ఆ పొద్దునే గొట్టం చల్లబడింది. హీటరు బాగానే ఉంది, వంటింట్లో నీళ్ళు చెయ్యి కాలేలా వస్తున్నాయి. ఆ మూల మాత్రం మంచుగడ్డ. అత్తగారు చెంబుతో వేణ్ణీళ్ళు పోస్తూ, వంగి దానికి చెవి ఆనించింది.

"ఊపిరి తగ్గుతోంది. ఏం చేశావే?"

"రాయన్నానత్తయ్యా."

"చూసే?"

"చూసే."

అత్తగారు చెంబు కింద పెట్టింది. "కదల్లేదని ఏ బిడ్డనీ పోయిందని రాయలేదు నేను. చెవి పెట్టి విన్నాకే రాశాను. లే, ఆఫీసుకి పో. నీళ్ళు నేను పోస్తుంటా."

ఆ రోజు అక్క ఏడో గుట్ట వీడియోని మెల్లగా నడిపించింది. ఒకటి కాదు, నలభై మూడు. పగులు పగులుకీ ఒకటి, అన్నీ తలకిందులుగా, చేతులు చుట్టుకుని. పొగ లేదు గానీ, వాటి మీద నీళ్ళు సన్నగా వణుకుతున్నాయి. గోరువెచ్చటి ఊట. గుట్ట గుట్టంతా పురిటిగది.

రిపోర్టు తెరిచి రాసింది: "ఏడో గుట్ట మీద నలభై ముగ్గురు తల్లులు పొదుగుతున్నారు. ఒకర్ని అప్పుడే చూశాను. చూసి, జీవం లేదని రాశాను."

పెద్దాయన చదివి తాళంచెవులు బల్ల మీద పడేశాడు. "నీతోపాటు నా కొంపా ముంచావక్కా! పాతవన్నీ తిరగదోడతారు."

"తోడనివ్వండి."

ఓడ సగం దారిలో ఆగింది. వారం తిరక్కుండా అక్క ఉద్యోగం పోయింది. గొట్టం మళ్ళీ వేడెక్కింది. పదోరోజు గుడ్లు విచ్చి, గోరంత పిల్లలు ఒక్కొక్కటే తూములోకి జారిపోయాయి. తల్లి గోడ వదిలి కింద పడింది. అత్తగారు చాలాసేపు చెవి పెట్టి విని, అప్పుడు అంది. "పోయింది."

ఇప్పుడు అక్క ఇంట్లోనే ఉంటుంది. పొద్దున్నే మంచం కింద, బీరువా వెనక, మెట్ల కింద, ప్రతి మూలా వంగి చూస్తుంది. ఆ ఆరు గుట్టల నుంచి ఎవరూ రాలేదు. తవ్వేశారుగా. రావడానికి ఎవరు మిగిలారు?

ఆవిణ్ణి తిట్టడం తేలిక. తొమ్మిదేళ్ళుగా ఆ లోహంతో చేసిన ఫోన్లు మన చేతుల్లోనే ఉన్నాయి. తలుపు దగ్గర సంచి భుజానేసుకుని ఒకాయన నిలబడి, "రాయేగా?" అని అడిగితే, మీరేమనేవారు?