లారీ చక్రానికి పసుపు, నాకు ఎండుచేపలు

నేను ఒక పిడికర్రని. తెరచాప పడవకి వెనకాల చుక్కాని ఉంటుంది చూశారూ, దాని తలలో దూర్చి పడవని తిప్పే మూరెడు తక్కువ నిలువెత్తు కర్రని. మా అమ్మ నల్లతుమ్మ. గాలివానకి ఊళ్లో పెంకులన్నీ సముద్రంలో పడ్డ ఏడు, ఆవిడ కొమ్మమీద కునుకుతున్న కాకికి మెలకువైనా రాలేదట. అబద్ధమైతే ఆ కాకినే అడగండి.

వడ్రంగి కొండయ్య నన్ను చెక్కి, పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పడవ నడిపే సరంగు నూకరాజు చేతిలో పెట్టాడు. ఇరవయ్యేళ్లు ఆ చేతిలోనే ఉన్నాను. అడుగున నీరు ఎటు లాగుతోందో నా వణుకుని బట్టి అతని అరచేతికి తెలిసిపోయేది. పడవ ఎడమకి పోవాలంటే నన్ను కుడికి నెట్టాలి. అదే మా విద్య.

పడవ యజమాని పట్టాభిరామయ్యగారు ఓ కేలెండరు బొమ్మలో దొర చక్రం పట్టుకుని ఓడ నడపడం చూశారు. అంతే, పాత సామాన్ల కొట్లోంచి లారీ స్టీరింగొకటి తెచ్చి, గుంజకి బిగించి, తాళ్లతో చుక్కానికి కట్టించారు. నన్ను ఊడబెరికి, పడవలోనే ఓ పక్కన రెండు మేకులమీద పడేసి, ఎండుచేపలు వేలాడదీశారు. ఛీ! వాన కురిస్తే ఆ చేపల రసం నా కంతల్లోకి కారేది. ఈగలకి కూడా నన్ను చూస్తే రోత.

మొదటిరోజే నూకరాజు చెయ్యి అలవాటుకొద్దీ చక్రాన్ని ఎదురు తిప్పింది. పడవ వెళ్లి వలగుంజల్ని గుద్దింది.

"ఒరేయ్ నూకరాజూ, ఇంకోసారి ఇలా జరిగిందంటే ఒడ్డున కూచుని వలలు కుట్టుకుందువుగాని" అన్నారు అయ్యగారు.

పొద్దుగూకకముందే నూకరాజు కొండయ్య కాళ్లావేళ్లా పడ్డాడు. "బావా, యాభయ్యేళ్ల చెయ్యి ఇది, ఇప్పుడు కొత్త ఓనమాలు నేర్వదు. తాళ్లు అడ్డంగా మార్చి కట్టెయ్యి."

"అయ్యగారికో?"

"ఆయన చక్రం పట్టుకుంటారా ఏంటి?"

తాళ్లు మారాయి. చక్రం కుడికి తిప్పితే పడవ ఎడమకి పోయేది, నా పద్ధతిలోనే. నా విద్య దొంగిలించి ఆ గుండ్రటిదానికి అంటగట్టారన్నమాట!

నెలయ్యాక అయ్యగారి వియ్యంకుడొచ్చాడు. ఆయన్ని షికారుకి ఎక్కించుకున్న పడవ మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసేచోట ఉంది. ఎడమపక్క ఇసుకమేట, దానిమీద అలలు విరుగుతున్నాయి. "లెగరా" అని అయ్యగారు చక్రం అందుకున్నారు. మేట తప్పించుకోడానికి కారులోలాగే కుడికి తిప్పారు. పడవ తిన్నగా మేటవైపే నడిచింది. కంగారులో ఇంకా కుడికి తిప్పారు. పడవ ఇంకా ఎడమకి. నూకరాజు ముఖం సున్నం కొట్టినట్టయింది. నిజం చెబితే కొలువు పోతుంది, చెప్పకపోతే పడవ పోతుంది.

"వదలండయ్యగారూ!" అని అరిచేశాడు. ఆయన వదల్లేదు, ఇంకో గుంజు గుంజారు. తాడు ఫట్టుమంది.

నూకరాజు నా దగ్గరికి ఒక్క దూకు దూకాడు. ఎండుచేపలు వియ్యంకుడి పట్టుపంచెలో పడ్డాయి. నన్ను చుక్కాని తలలో దూర్చి, ఛాతీ ఆనించి నెట్టాడు. అడుగు ఇసుకని గీరుతుంటే నా నడుం కిర్రుమంది. మా అమ్మ కాకిని తలుచుకుని నిలబడ్డాను. పడవ తిరిగింది.

వియ్యంకుడు చేపలు దులుపుకుంటూ, చక్రం ఇంకా వదలని అయ్యగారిని చూసి, "భలే తిప్పారండీ బావగారూ!" అన్నాడు. బావగారు మీసం దువ్వారు! తర్వాత కళ్లెర్రజేసి, "తాడెందుకు తెగిందిరా?" అన్నారు.

"తమరి బలానికండీ, ఆయ్."

ఆ ఒక్కమాటతో నూకరాజు కొలువు నిలిచింది.

ఇప్పుడు చక్రం ఏ తాడూ లేకుండా ఉత్తినే తిరుగుతుంది. అయ్యగారు వచ్చినవాళ్లందరికీ దాన్ని చూపించి, అది పట్టుకుని ఫొటోలు దిగుతారు. వెనక గోనెపట్టా చాటున పడవని తిప్పేది నేను. ప్రతి శుక్రవారం నూకరాజు ఆ ఇనపముద్దకి పసుపు రాసి, బొట్టు పెట్టి, పసుపుచెయ్యి తెచ్చి నా ఒంటికి తుడుచుకుంటాడు. మధ్యలో ఎక్కడా తుడుచుకోడు. పక్కనే గుడ్డ ఉన్నా తుడుచుకోడు. అది తుడుపో పూజో అడుగుదామంటే నాకు నోరు లేదు. లోకం మొత్తాన్ని అసహ్యించుకోగలను గానీ, ఆ చేతిని మాత్రం నావల్ల కాదు.