వాగులో తేట నీళ్ళు

పొయ్యి మీద మొక్కజొన్న పిండితో ఉగాలి కలుపుతుంటే తెడ్డు చేతిలోంచి జారిపోతోంది. నలియాకా చేతులు మళ్ళీ కడుక్కుంది. ఎంత కడిగినా వేళ్ళ మధ్య సబ్బు మిగిలిపోయినట్టే ఉంది. "ఎన్నిసార్లు కడుగుతావే? ఫ్యాక్టరీలో దొరసాని ఉద్యోగమిచ్చారా ఏంటి?" అని అత్త వాకిట్లోంచి నవ్వింది. నలియాకాకి నవ్వు రాలేదు. ఆ జారుడు సబ్బుది కాదు.

చెరకు ఫ్యాక్టరీలో మురుగునీటి తొట్టెల దగ్గర ఆమె పని. రోజూ వచ్చే నీళ్ళు గోధుమరంగులో, కుళ్ళిన బెల్లం వాసనతో ఉంటాయి. పులుపు విరగడానికి సున్నం, మడ్డి దిగడానికి పటిక వేస్తారు. కానీ నిన్న రాత్రి షిఫ్టులో గానుగ ఆపి, రసం కాచే పాత్రల్ని కాస్టిక్ సోడాతో కడిగారు. ఆ నీళ్ళకి సున్నం వేస్తే ఘాటు ఇంకా పెరుగుతుంది, యాసిడ్ పొయ్యాలి. యాసిడ్ పీపాలు ఖాళీ. "ఇవి కడిగిన నీళ్ళు కదా..." అని ఆమె నసిగింది. షిఫ్టు పెద్ద ఖయెంబా, ఆమె మొగుడు, అందరి ముందూ చేతులు జోడించాడు. "అమ్మా మహాతల్లీ, ఈ ఉద్యోగం నీకు ఇప్పించింది నేను. పాఠాలు నాకు చెప్పకు. ఎప్పుడూ వేసేదే వెయ్యి." మగవాళ్ళంతా పగలబడి నవ్వారు. ఆమె వేసింది. ఎందుకు వేసిందంటే ఏం చెబుతుంది? కూరలో ఉప్పు దగ్గర్నుంచి కడుపులో బిడ్డ దాకా ఆ గొంతు ఎంతంటే అంత, ఎప్పుడంటే అప్పుడు. చేతులకి అదే అలవాటైపోయింది.

మడ్డంతా దిగి నీళ్ళు తేటపడ్డాయి. "చూశావా, అద్దంలా లేవూ?" అంటూ అతనే వాగులోకి గేటెత్తాడు. ఆమె వేలు ముంచి చూసింది. జర్రున జారింది. కాస్టిక్ పడి కాలి తోలు ఊడిన మనిషిని ఆమె చూసింది. ఆ మాట చెప్పబోతే, "ఇంట్లో నోరు మెదిపావో, ఇక ఇంట్లోనే పడుంటావ్" అన్నాడు. అప్పట్నుంచీ ఆమె భయాన్ని బుజ్జగిస్తూనే ఉంది. వాగులో కలిస్తే పలచబడుతుందిలే అనుకుంది. రోజూ కంపుకొట్టే ఆ వాగు నీళ్ళు ఎవరు ముడతారు, పశువులే మొహం తిప్పుకుంటాయి కదా అనుకుంది. షిఫ్టు దిగి వస్తూనే పొయ్యి దగ్గర నిలబడింది.

"ఇవాళ వాగు చూశావా?" అత్త అంటోంది. "ఎంత తేటగా ఉందో! ఊళ్ళో ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. నేనూ ఓ కుండ తెచ్చా. ఇప్పుడే మీ మావయ్యకి సొరబుర్రలో పోసిచ్చా."

నలియాకా తెడ్డు వదిలేసి పరిగెత్తింది. మామ, ముసలి ముఖ్వానా గుడిసె గడప దగ్గర కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి. ఆ గడప కోడలు దాటకూడదు. మామతో మాట్లాడకూడదు, ఎదురుపడితే పొదచాటుకి తప్పుకోవాలి. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచీ ఆయన మొహం ఆమె సరిగా చూడలేదు. లోపల ఆయన సొరబుర్ర నోటికెత్తుతున్నాడు. ఒక్క క్షణం, చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, ఆయన చచ్చిపోతాడన్న భయం కంటే ఆ గడప భయమే పెద్దదైంది. తర్వాత దాటింది. ఆయన చేతిని ఒక్క దెబ్బ కొట్టింది; సొరబుర్ర ఎగిరిపడి నీళ్ళు నేలపాలయ్యాయి.

"ఓరి నాయనో, మామ మీద చెయ్యేసిందే! పిచ్చిగాని పట్టిందా నీకు?" అత్త గుండెలు బాదుకుంది.

ముసలాయన మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కోడలి మొహం చూడకూడదన్న కట్టుబాటు ఆయనకీ ఉంది. "నీళ్ళకేమైందో అడుగు" అన్నాడు భార్యతో.

"కాస్టిక్ ఉంది మావయ్యా. గొంతు కాలిపోతుంది."

"ఎవరు వదిలారో అడుగు."

వాగువైపు నుంచి పిల్లల కేరింతలు వినిపిస్తున్నాయి. రోడ్డు మీద ఖయెంబా మోటారుసైకిలు చప్పుడు దగ్గరవుతోంది.

"సున్నం వేసింది నేను. వెయ్యమంది, గేటెత్తింది మీ అబ్బాయి."

ఆ మాట అనేసి ఆమె అక్కడ నిలబడలేదు. "నీళ్ళు ముట్టుకోకండి! పిల్లల్ని బయటికి లాగండి!" అని అరుస్తూ మొక్కజొన్న చేలోంచి వాగుకి అడ్డంపడి పరిగెత్తింది. వెనకనుంచి ఉగాలి మాడుతున్న వాసన వస్తోంది. ఈ ఇంటికొచ్చాక మొదటిసారి దాన్ని మాడనిచ్చింది.