గంజి తాగిన పడుగు

వీధి పొడవునా గంజి వాసన.

సిద్దిపేటలో ఎండ ఇంకా చురుక్కుమనలేదు. కర్రల మధ్య సాగదీసి కట్టిన పడుగు — చీరకు కావలసిన నిలువు నూలంతా — గంజి తాగుతోంది. ఒక పక్క రాజం. ఇంకో పక్క అతని భార్య సాయవ్వ. ఇద్దరి చేతుల్లో కుంచెలు.

ఎండిన నూలు ఎక్కువ తాగుతుంది.

రాజం రొమ్ము పట్టుకున్నాడు.

కుంచె జారింది. మనిషీ జారాడు.

ఎవరో మంచం తెచ్చారు. ఎవరో దవాఖానకు పరుగెత్తారు. సాయవ్వ పడిన కుంచె తీసుకుంది. తడి పడుగును మధ్యలో వదలకూడదు. వదిలితే పోగులన్నీ అంటుకుపోతాయి. ఈ వీధిలో ఎవరూ వదలరు — ఏం జరిగినా.

ఆమె దువ్వింది. చివరిదాకా దువ్వింది. ఏడుపు రాలేదు. చెయ్యి మాత్రం నడిచింది...

డాక్టరు వచ్చేసరికి నొప్పి పోయింది. రాజం కళ్ళు తెరిచి ఇంటి కప్పు చూస్తున్నాడు.

"గుండెల ఓ జాగకు నెత్తురు బందయ్యి, మల్ల వచ్చిందమ్మా," అన్నాడు డాక్టరు. "గక్కడి కండ సావలే. ఆకలి మీదున్నది. నెత్తుట్లున్న చక్కెరను పక్క కండ కంటె ఎక్కువ గుంజుకుంటది. గని పని జెయ్యది. మొద్దువారి ఉంటది. అది లేసేదాక ఈయనను లేపకు."

"ఎప్పుడు లేస్తది డాక్టర్ సాబ్?"

"దాన్నే అడగాలె."

బెల్లం నీళ్ళు. రాజం తాగాడు. ఇంకా అడిగాడు. ఇంకా తాగాడు.

మాట లేదు. నవ్వు లేదు. తాగడం ఒక్కటే.

పక్కింటి బుచ్చవ్వ తొంగి చూసింది. "ఏందే సాయవ్వా, నీ మొగడు బెల్లం బట్టీనే మింగేటట్టున్నడు! గింత తాగెటోనికి రోగమేందే?"

సాయవ్వ నవ్వలేదు. ఆ మాట మాత్రం లోపల ఉండిపోయింది.

బాగా తాగిన పడుగు బాగా నేస్తుంది. పుట్టినప్పటి నుంచి ఆమె చూస్తున్నది అదే.

ఆరిన పడుగును సాయవ్వ మగ్గానికి ఎక్కించింది. మబ్బు పట్టింది. ముసురు దిగితే గంజి నూలుకు బూజు. బూజు పడితే పోగు ఆగదు. మగ్గం మీద పడుగు... మంచం మీద మనిషి... రెండూ కదలవు.

"జర కూసుంటవా?" అంది.

రాజం ఆమె వైపు చూశాడు. 

"ఊఁ."

భుజం పట్టి నడిపించింది. అతను మగ్గం గుంటలోకి కాళ్ళు దించాడు. తాడు లాగాడు. అడ్డపోగు మోసే నాడె అటు పోయింది. ఇటు వచ్చింది. టక్కు — టక్కు. ఇంట్లోకి పాత చప్పుడు తిరిగి వచ్చింది. సాయవ్వ గోడకు ఆనుకుని విన్నది.

అటు పోయింది.

ఇటు రాలేదు.

నాడె దారాల మధ్య ఆగి ఉంది. చెయ్యి తాడు మీదే ఉంది. తల పడుగు మీదికి ఒరిగింది.

బయట మొదటి చినుకు పడింది.

గంజి తాగాక పడుగు ఆరాలి. తడి పడుగును ఎవరూ మగ్గానికి ఎక్కించరు... ఆ సంగతి కూడా ఆమెకు తెలుసు. పుట్టినప్పటి నుంచి తెలుసు.

ఏడుపు రాలేదు. చెయ్యి మాత్రం నడిచింది. అతని తల ఎత్తి ఒడిలో పెట్టుకుంది. బెల్లం నీళ్ళు పెదవులకు ఆనించింది.

పెదవులు తడిశాయి.

తాగుతాయా... అని చూస్తోంది.

ఇంటి నిండా గంజి వాసన.